మూలమునకు కావలి

(ఒక పఠనమందిరపు వార్షిక సభయందు చదువబడిన ఉపన్యాసము)



ఈ సభయందు ఏటేట గ్రంథాలయోద్యమమును గూర్చియో, దేశచరిత్రను గూర్చియో, కవులను గూర్చియో ఉపన్యసించుట ఆచారము. మేమీ సంవత్సరము ఎన్నుకొనిన విషయము వినగానే కొందఱు మిత్రులు మొగము చిట్లించిరి. ఇంటర్నెట్టునందలి పేరులకు మూలమైన సర్వరులను ఎవరు కనిపెట్టి చూచుచున్నారు, ఎట్లు చూచుచున్నారు అనునది నేటి ప్రసంగము. "అది ఇంజనీరుల పని, మనకెందులకు?" అని పెద్దలొకరు మమ్మడిగిరి. చెఱువు గట్టు కూడ ఇంజనీరుల పనియే. గట్టు తెగిన రాత్రి మునుగునవి మాత్రము వారి యిండ్లు కావు. కావున కొంతసేపు ఓపికపట్టి వినుడని ప్రార్థించుచున్నాము.

ఈ కాపలా విషయమున 2024 సంవత్సరమున ఒక విచిత్రము జరిగినది. దానిని మనవి చేయుటకే మేమీ ప్రసంగమునకు పూనుకొంటిమి. కాని మూలమనగా నేమో ముందు చెప్పక ఆ కథ బోధపడదు.

ఇచట కూర్చున్న ప్రతివారి జేబులోను ఫోను కలదు. రైలు టిక్కెట్టుకో, పరీక్షాఫలితములకో, బ్యాంకు లెక్కకో మనమొక పేరు నొక్కుదుము. యంత్రములకు పేరులు తెలియవు, అంకెలే తెలియును. పేరు వినగానే అంకె చెప్పగలవా డొకడు నడుమ నుండవలెను. 1983 కు పూర్వము ఈ పని మిక్కిలి చిన్నది. లోకములోని కంప్యూటరుల పేరులన్నియు ఒక్క పట్టికలో నిమిడి యుండెడివి. ఆ పట్టిక కాలిఫోర్నియాలోని ఒక పరిశోధన సంస్థయందు, ఎలిజబెత్ ఫైన్లర్ అను విదుషీమణి నడిపిన కార్యాలయమున వ్రాయబడుచుండెను. క్రొత్త యంత్రమునకు పేరు కావలసినవారు ఆ కార్యాలయమునకు తెలియజేయుదురు, వారు చేర్చుదురు, తక్కినవారందఱు దాని నకలు తెచ్చుకొందురు. యంత్రముల సంఖ్య పెరిగిన కొలదిని ఈ పద్ధతి కూలబడసాగెను. అంత 1983 లో పాల్ మొకాపెట్రిస్ అను నతడు నేటి పద్ధతిని రచించి ప్రకటించెను. అతనిని ఆ పనికి పురికొల్పినవాడు జాన్ పోస్టెల్. ఈ పోస్టెల్ పేరు మరల వచ్చును గనుక జ్ఞాపకముంచుకొనుడు.

పద్ధతి యేమనగా: పూర్వము కరణములున్న కాలమున ఒక పొలము సంగతి కావలసినవాడు జిల్లా కచ్చేరికి పోయినచో, అచట పొలము సంగతి చెప్పువారు లేరు. "ఫలానా తాలూకాకు పొమ్ము" అందురు. తాలూకాలో గ్రామము చెప్పుదురు. గ్రామమున కరణము అడంగలు విప్పి చదువును. ఇచటను అంతియే. మూల సర్వరు మీ బ్యాంకు చిరునామా నెఱుగదు. "కామ్" అను తోకగల పేరుల కెవరి నడుగవలెను, "ఇన్" అను తోకకు ఎవరి నడుగవలెను అను నొక్క సంగతియే దానికి తెలియును. అట్టి తోకలు పదునాలుగు వందలకు పైగా నున్నవి. మన తెలుగు లిపిలో వ్రాసిన "భారత్" అను తోకయు నా పట్టికలో నున్నదని విని మీరు సంతోషింపవచ్చును. పట్టిక మొత్తము రెండు మెగాబైట్ల పరిమాణము. పెండ్లిలో మీరు తీసిన ఒక ఫోటో అంతకంటె పెద్దదిగా నుండుట అరుదు కాదు. లోకవ్యాపారమంతయు ఇంత చిన్న కాగితమును నమ్ముకొని నడచుచున్నది.

ఈ పట్టికను పట్టుకొని సమాధానము చెప్పు సర్వరులకు ఆంగ్లాక్షరములే పేరులు: ఏ మొదలు ఎమ్ వఱకు పదమూడు. పదమూడే యేల? ఆ పద్ధతి పుట్టిన కాలమున ఒక సమాధానపు పొట్లము 512 బైట్లకు మించరాదను నియమముండెను. అందులో పట్టినన్ని పేరులు పట్టినవి, అంతే. మంత్రశాస్త్రమేమియు లేదు. వీనిని నడుపువారు పండ్రెండుగురు, ఏ, జే అను రెండింటిని ఒక్క కంపెనీయే నడుపుచున్నది. పండ్రెండింటిలో తొమ్మిది సంస్థలు అమెరికాలోనివి. వానిలో విశ్వవిద్యాలయములున్నవి, కంపెనీలున్నవి, నాసా యున్నది, సైన్యపు ప్రయోగశాల కూడ నున్నది. మిగిలిన మూడు స్వీడను, నెదర్లాండ్స్, జపాను దేశములవి. మన దేశపు సంస్థ ఒక్కటియు లేదు. ఈ మాట విని మీ మనస్సులలో మెదలిన భావమునే మేమును మొదట పొందితిమి. దానిని కూర్చి తర్వాత.

పదమూడు పేరులన్నంత మాత్రమున పదమూడు యంత్రములే యనుకొనరాదు. ఒకే అంకెను అనేక స్థలములనుండి ప్రకటించు ఉపాయమొకటి కలదు. ప్రశ్న ఎచటినుండి బయలుదేరినను దానికి త్రోవలో ఎదురైన నకలు సమాధానము చెప్పును. ఒకే పేరుగల సత్రము ప్రతి మజిలీలోను ఉన్నట్లు. ఇట్టి నకలులు నేడు ప్రపంచమున పదునైదు వందలు దాటియున్నవి. మన దేశమున 2005 లోనే కే అక్షరపు నకలు నోయిడాలోను, ఐ అక్షరపుది ముంబయిలోను, ఎఫ్ అక్షరపుది చెన్నపట్టణమందును నెలకొల్పబడెను.

ఇక కాపలా మాట. మూలమునకు దెబ్బ తగిలినచో లోకమునకు వెంటనే తెలియదను సంగతి మొట్టమొదట గ్రహింపవలెను. మీ సర్వీసు కంపెనీవారి యంత్రము ఒక తోక సంగతి ఒకసారి అడిగి తెలిసికొన్న పిదప దానిని రెండు దినముల వఱకు జ్ఞాపకముంచుకొనవచ్చును. ఆ రెండు దినములు మూలము మూగవోయినను మీ రైలు టిక్కెట్టు దొరకుచునే యుండును. ఇది గొప్ప రక్షణ. ఇందులోనే ప్రమాదమును ఉన్నది. పునాది క్రుంగుట గోడ పగిలినగాని ఇంటివారికి కనబడదు. కావున బాధ కలుగువఱకు ఆగక, పునాదినే పట్టి చూచువారుండవలెను.

ఏమి చూడవలెను? పలుకుచున్నదా, త్వరగా పలుకుచున్నదా, సత్యము పలుకుచున్నదా, నేటి మాట పలుకుచున్నదా. మూల సర్వరుల సలహాసంఘమువారు 2020 లో దీనికి కొలతలు వ్రాసిరి. లోకములో వేర్వేఱు చోట్లనుండి అయిదేసి నిమిషముల కొకసారి ప్రతి అక్షరమును ప్రశ్నింపవలెను. సామాన్యపు ప్రశ్నకు సెకండులో నాలుగవవంతు లోపల సమాధానము రావలెను. చెప్పిన సమాధానము నూటికి నూఱుపాళ్లు సరిగా నుండవలెను. క్రొత్త పట్టిక వెలువడిన 65 నిమిషములలో ప్రతి అక్షరము దానిని అందుకొనవలెను. పలుకుట విషయమున మాత్రము ఒక్కొక్క అక్షరమునకు నూటికి 96 చాలునన్నారు. మన కుళాయి నీటి లెక్క వలె నున్నదే యని నవ్వకుడు. అక్షరములు పదమూడు, ఒకదానితో నొకటి సంబంధము లేక నడచుచున్నవి, ఒకటి పలుకనిచో అడిగినవాడు మఱియొకదానిని అడుగును. అందుచేత ఒక్కొక్క దానికి 96 అయినను, సముదాయమునకు మాత్రము లక్షకు ఒకటికంటె ఎక్కువ తప్పరాదని నిర్ణయించిరి. సత్యము విషయమున ఈ సడలింపు లేదు. మూగవానికి బదులు మఱియొకడు దొరకును. అబద్ధమాడువానిని మనము గుర్తింపకయే నమ్మెదము.

చూచువారెవరు? నడుపువారే తమ యంత్రముల దినచర్య అంకెలు ప్రకటించుచున్నారు. ఎన్ని ప్రశ్నలు వచ్చినవి, ఎందఱు అడిగిరి, క్రొత్త పట్టిక అందుటకు ఎంతసేపు పట్టినది అను లెక్కలన్నియు అందులో నుండును. ఇంతకంటె మా మనస్సును ఆకర్షించినది మఱియొకటి. ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ప్రధానకార్యాలయముగల రైప్ సంస్థ 2010 లో ఒక పని ప్రారంభించినది. అరచేతిలో నిముడు చిన్న పెట్టెలను కోరినవారికి పంపును. వారు తమ యింటిలోనో, బడిలోనో, కార్యాలయములోనో ఇంటర్నెట్టు తీగకు తగిలింతురు. పెట్టె తనంతట తాను పదమూడు అక్షరములను నిర్ణీత కాలములలో అడుగుచు, జవాబు ఎంతసేపటికి వచ్చెనో, ఏ నకలు చెప్పెనో వ్రాసి పంపుచుండును. ఇట్టి పెట్టెలు నేడు పదివేలకు పైగా పనిచేయుచున్నవి. లెక్కలు ఎవరైనను చూడవచ్చును. ప్రభుత్వముల యాజ్ఞ లేక, జీతములు లేక, గృహస్థులు సాగించుచున్న కాపలా యిది. మన పఠనమందిరములును ఇట్లే చందాలతో పుట్టినవి గదా.

మూలముపై దండయాత్రలు జరుగకపోలేదు. 2002 అక్టోబరు 21 న పదమూడింటిపైనను ఒకేసారి బూటకపు ప్రశ్నల వరద విడిచిరి. దాదాపు గంటసేపు సాగిన ఆ దాడిలో తొమ్మిది తడబడెను. 2007 ఫిబ్రవరిలో మరల జరిగెను. అప్పటికి నకలులు ఏర్పరచుకొననివి రెండు మాత్రము బాగుగ దెబ్బతినెను. నకలుల ఉపాయము ఎంత విలువైనదో ఆనాడు తేలిపోయెను. 2015 నవంబరు 30 న, మఱునాడును, ఒక్కొక్క అక్షరముపై సెకండునకు సుమారు ఏబది లక్షల ప్రశ్నలు కురిసెను. సామాన్యజనులకు ఈ సంగతులేవియు తెలియనే లేదు. వీనిని గూర్చి పత్రికలు పెద్ద అక్షరములతో వ్రాసినవి కాని, వరద కంటికి కనబడు శత్రువు. మేము భయపడునది నిశ్శబ్దముగా వచ్చు కీడునకు.

2010 మార్చి మాసమున చిలీ దేశమునందలి ఒక ఇంజనీరు ఒక వింత కనిపెట్టెను. ఐ అక్షరపు సర్వరును ఫేస్‌బుక్ పేరు అడిగినపుడు "కామ్ వారి నడుగుము" అని పంపవలసినది పోయి, నేరుగా నొక అంకె చెప్పుచుండెను. అంకె తప్పు. జిల్లా కచ్చేరి గుమాస్తా తనకు తెలియని పొలము సంగతి తానే చెప్పిన ట్లున్నది! అతడు తోడి ఇంజనీరులకు తెలియజేసెను. విచారింపగా ఆ ప్రశ్నలు పీకింగు నగరమందలి నకలునకు పోవుచున్నవని తేలెను. సర్వరును నడుపు స్వీడను సంస్థవారు, తమ యంత్రము సరిగానే చెప్పుచున్నదనిరి. త్రోవలో సమాధానము మార్చబడుచున్నదని నిపుణులు నిర్ధారించిరి. ఆ నకలునకు బయటినుండి పోవు త్రోవను కొంతకాలము ఉపసంహరించిరి. చైనా తన ప్రజలకు వేసిన కంచె చిలీ ప్రజల కాళ్లకు తగిలినది. ఒక్క మనుష్యుడు శ్రద్ధగా చూచుటచేత బయటపడినది. ఆ ఇంజనీరు ఫేస్‌బుక్ తెఱచుకొనలేదని విసుగుకొని ఊరకుండినచో ఎంతకాలము సాగెడిదో!

అదే సంవత్సరము జులై 15 న మూలపట్టికకు సంతకము చేయు పద్ధతి అమలులోనికి వచ్చెను. నాటినుండి పట్టికను నడుమ మార్చినచో, సంతకము పరీక్షించు యంత్రము మోసమును కనిపెట్టగలదు. సంతకపు తాళము రెండు చోట్ల, వర్జీనియాలోని కల్పెపర్ యందును, కాలిఫోర్నియాలోని ఎల్ సెగుండో యందును, భద్రముగా నున్నది. వివిధదేశముల సాక్షులు కూడగా ఏటికి నాలుగుసార్లు దానిని వెలికి తీయుదురు. ఈ తాళమును మార్చుటకు 2017 అక్టోబరు 11 న ముహూర్తము పెట్టిరి. ముహూర్తమునకు రెండు వారములు ముందుగా, కనిపెట్టి చూచువారి లెక్కలలో ఒక సంగతి కానవచ్చెను: క్రొత్త తాళమును ఇంకను నేర్చుకొనని యంత్రములు చెప్పుకోదగినన్ని మిగిలియున్నవి. తాళము మార్పు వలన పొరపాటు జరిగినచో 75 కోట్లమందికి ఇబ్బంది కలుగవచ్చునని ఐకాన్ సంస్థవారి అంచనా. వారు ముహూర్తమును ఆపివేసిరి. ఇంత ప్రచారము చేసి, లోకమంతటికి తేదీ ప్రకటించి, చివరి క్షణమున వెనుకకు తగ్గుట ఏ సంస్థకును సులభము కాదు. వారు తగ్గిరి. సరిగా సంవత్సరము గడచి, 2018 అక్టోబరు 11 న తాళము మార్చబడెను. కలిగిన ఇబ్బంది స్వల్పము. కొలత చూచి అధికారులు తమ నిర్ణయమును మార్చుకొనిన ఉదాహరణములు మనకు తఱచుగా కనబడవు గనుక దీనిని ప్రత్యేకముగా పేర్కొంటిమి.

కనిపెట్టి చూచుటవలన నవ్వు పుట్టించు సంగతులును బయటపడుచుండును. 2020 లో మూలమునకు వచ్చు ప్రశ్నలలో ఇంచుమించు సగము అర్థములేని పేరులని లెక్క తేలెను. ఎవరి పని? క్రోమ్ అను బ్రౌజరుది! అది తెఱచినపుడెల్ల, సర్వీసు కంపెనీవారు తన్ను మోసగించుచున్నారేమో తెలిసికొనుటకు, నోటికి వచ్చిన మూడు పేరులు అడిగి చూచెడిది. కోట్లకొలది యిండ్లలో అందఱికి మూడేసి. లెక్కలు చూపగా ఆ సంవత్సరాంతమున ఆ యలవాటు మాన్పిరి. ప్రశ్నల జోరు అంతట తగ్గెను.

ఇక మేము మొదట చెప్పిన కథ. 2024 మే 18 వ తేదీ తర్వాత సీ అక్షరము క్రొత్త పట్టికలను అందుకొనుట మానెను. మూలపట్టిక సాధారణముగా దినమునకు రెండుమార్లు క్రొత్తగా వెలువడును. ప్రతి ప్రతి నెత్తిపైన తేదీతో కూడిన వరుస సంఖ్య యుండును. దినపత్రికకు తేదీ యున్నట్లే. తక్కిన పండ్రెండు అక్షరములు 19 వ తేదీ పట్టిక, 20 వ తేదీ పట్టిక చదువుచుండగా, సీ మాత్రము 18 వ తేదీ పట్టికనే చదువుచుండెను. అడిగిన ప్రతివారికి వెంటనే జవాబు చెప్పుచుండెను. గొంతులో తడబాటు లేదు. నిన్నటి పత్రికను నేటిదని చదువువాని ధైర్యము! 21 వ తేదీన బయటివారు తెలియజేయగా ఆ సంస్థవారికి తెలిసినది. 22 వ తేదీ సాయంకాలమునకు, గ్రీనిచ్ కాలమున, సరిచేసిరి.

మూడు దినములు వారి కావలివారేమైరి? ఆ సంస్థవారే ప్రకటించిన కారణమును వినుడు. వేఱొక ప్రయోజనమునకై త్రోవల నిబంధనలలో ఏదో మార్పు చేసిరట. దాని ప్రక్కదెబ్బ తగిలి, మూలమును కనిపెట్టి హెచ్చరింపవలసిన యంత్రములు మూగవోయినవట. గట్టు క్రుంగినపుడు కేక వేయుటకు నిలిపిన తలారి నోరు ముందుగనే మూతపడినది. కేక వినబడలేదు గనుక గట్టు బాగున్నదని ఆఫీసులో అనుకొనిరి. నిశ్శబ్దమును క్షేమమని యెంచుట కంటె ప్రమాదకరమైన పొరపాటు కాపలాపనిలో లేదు. 1997 జులైలో దీనికి తలక్రిందులైన సంగతి జరిగినది. అమెరికాలో "కామ్", "నెట్" తోకల పట్టిక ఒకరాత్రి చెడిపోయినది. హెచ్చరిక గంట మ్రోగినది. విధిలో నున్నవారు దానిని లెక్కచేయక చెడిన పట్టికనే లోకము మీదికి విడిచిరి. అచట గంట మ్రోగినను వినినవాడు లేడు. ఇచట వినువారున్నను గంట మ్రోగలేదు.

సీ అక్షరపు పొరపాటు వలన ఒక్క ప్రశ్నకును జవాబు లేకుండ పోలేదని ఆ సంస్థ చెప్పినది. నిజమే. "గవ్", "ఇంట్" అను తోకలకు సంతకపు పద్ధతి మార్చవలెనని యేర్పాటు చేసికొన్నవారు మాత్రము తమ పని వాయిదా వేసికొనవలసి వచ్చెను. పట్టికలోని సంతకములకు సుమారు రెండు వారములే ఆయుర్దాయము. ఎవరును గమనింపక అంతకాలము గడచియున్నచో, సీ చెప్పు జవాబులను పరీక్షించు యంత్రములు త్రోసిపుచ్చియుండును. మనలను కాపాడినది బయటివారి కన్ను. తన లెక్కను తానే తనిఖీ చేసికొను ఖజానాదారుని మీద ఎంత నమ్మకమున్నను, ఇంకొక తనిఖీదారుని నియమించుట అవమానము కాదు.

ఇప్పుడు మన దేశపు మాటకు వత్తము. పండ్రెండుగురిలో మనవారు లేరను బాధ న్యాయమైనది. మూలముపై అధికారమును గూర్చి లోకమున వివాదము నేటిది కాదు. 1998 జనవరి 28 న జాన్ పోస్టెల్ అమెరికా ప్రభుత్వపు టేర్పాటుతో నిమిత్తము లేకయే సర్వరులను నడుపువారిలో ఎనమండుగురకు వ్రాసి, ఏ అక్షరమును విడిచి తన యంత్రమునుండి పట్టిక తెచ్చుకొనుడని కోరెను. వారు కోరినట్లే చేసిరి! ప్రభుత్వమువారు ఉలికిపడి అడుగగా, పరీక్ష కొఱకు చేసితినని చెప్పి వెనుకకు మార్చెను. ఆ సంవత్సరముననే ఐకాన్ సంస్థ పుట్టినది. ఆ అక్టోబరులోనే పోస్టెల్ చనిపోయెను. తర్వాత కూడ పట్టికలోని ప్రతి మార్పును అమెరికా వాణిజ్యశాఖ ఆమోదింపవలసి యుండెను. ఆ యధికారము 2016 అక్టోబరు 1 న ముగిసెను. అది ముగిసిన పిమ్మట ఐకాన్ వారి మొదటి మహాసభ ఎచట జరిగెనో మనలో ఎందఱెఱుగుదురు? మన హైదరాబాదులో, 2016 నవంబరులో.

2022 లో యుద్ధము ప్రారంభమైనపుడు ఉక్రెయిన్ ప్రభుత్వము, రష్యా తోకలను మూలమునుండి తొలగింపుడని, ఆ దేశమందలి మూల సర్వరుల నకలులను ఆపుడని కోరెను. ఐకాన్ నిరాకరించినది. బాధితుని ప్రార్థనను త్రోసివేయుట ధర్మమా యని మేమును చాల ఆలోచించితిమి. ఒకనాడు ఒకరి పేరు తొలగింపగల చేయి మఱియొకనాడు మన పేరును తొలగింపగలదు గనుక ఆ నిరాకరణము సరియేయని మా యభిప్రాయము. రష్యా ప్రభుత్వము 2019 లోనే తన దేశమునకు వేఱు పేరుల పద్ధతి యుండవలెనని శాసనము చేసికొన్నది. మనమును అట్లే చేయుదమని వాదించు మిత్రులు కలరు. వారి దేశభక్తిని మేము శంకింపము. కాని మూలము రెండయిన నాడు ఒకే పేరునకు రెండు అర్థములు కలుగును. గుంటూరులోని తండ్రియు డల్లాసులోని కుమారుడును ఒకే పేరు నొక్కి రెండు తావులకు పోవుదురు.

పండ్రెండుగురిలో మనకును స్థానము కావలెనని అడుగుట మానరాదు. ఒకరిని చేర్చుటకును తీసివేయుటకును నియమములు కావలెనని సలహాసంఘమువారే 2018 లో వ్రాసియున్నారు. ఐతే స్థానము దొరకువఱకు చేతులు కట్టుకొని కూర్చుండ నక్కఱలేదు. చూచుటకు ఎవరి యనుమతియు వలదు. మూలపట్టిక రహస్యము కాదు, ఎవరైనను దింపుకొనవచ్చును. దాని నకలును తమ యంత్రములోనే యుంచుకొను విధానము 2015 లో ప్రకటింపబడి, 2020 లో సవరింపబడెను. మన ఇంజనీరింగు కాలేజీలలో ఎన్ని ఈ పని చేసినవి? పరీక్షలో "మూల సర్వరులెన్ని?" అను ప్రశ్నకు "పదమూడు" అని వ్రాయించి ఒక మార్కు వేయుటతో సరిపెట్టుచున్నాము.

మొన్న మేమొక మిత్రుని కుమారుని సాయమున ఈ పట్టణమునుండియే పదమూడింటిని ప్రశ్నించి చూచితిమి. "నీవెవరవు?" అని అడిగినచో ఏ నకలు పలుకుచున్నదో చెప్పు సదుపాయమున్నది, తఱచుగా అందులో ఊరి గుర్తును ఉండును. కొన్ని మన దేశమునుండియే రెప్పపాటులో పలికినవి. కొన్నింటి జవాబులు సముద్రముల కావలినుండి వచ్చినవి. అందొక దానికి మన దేశమున నకలున్నదని మేమెఱుగుదుము. ఇంటిముందు నూతిని విడిచి పరదేశమునకు కడవ పంపు టెందులకు? సర్వీసు కంపెనీ త్రోవలు కలుపుకొనిన తీరే కారణము. ఆ కంపెనీకి జాబు వ్రాసితిమి. మీ ఫిర్యాదు పరిష్కరింపబడినదని, మా సేవకు మార్కులు వేయుడని ఫోనుకు సందేశము వచ్చినది! ఒక్కరు ఒక్కనాడు చేసిన కొలతకు ఇంతకంటె మర్యాద దొరకదు. నూఱు పట్టణములనుండి సంవత్సరము పొడవునా కొలిచిన లెక్కలు ముందుంచినచో, ఆ కంపెనీయు, దానిపైనున్న ప్రభుత్వమును ఇట్లు తప్పించుకొనజాలవు.

అందుచేత ఈ పఠనమందిర కార్యవర్గమునకు మా విన్నపమొకటి. మేము చెప్పిన చిన్నపెట్టె నొకదానిని ఇచట నుంచుటకు సమ్మతింపవలెను. దానికి వేఱు గది యక్కఱలేదు. పత్రికల బల్ల వెనుక రూటరు ప్రక్కన జానెడు చోటు చాలును. అది తినునది ఫోను చార్జింగునకు పట్టునంత కరెంటు. మన పాఠకులు చదువునది దానికి తెలియదు. అది అడుగునవి తన ప్రశ్నలే. దరఖాస్తు పంపుటకు ఆ కుఱ్ఱవాడు సిద్ధముగా నున్నాడు. రాత్రివేళ తలుపు వేయునపుడు మెయిను స్విచ్చి ఆర్పు ఆచారము మన కున్నది గనుక, ఆ పెట్టెకు, రూటరునకు వేఱుగా తీగ లాగింపవలసి యుండును. కరెంటు పోయి వచ్చినపుడు దీపము వెలుగుచున్నదో లేదో చూచు భారము ఎవరిదో కార్యదర్శిగారు ఈ సభలోనే నిర్ణయింతురని ఆశించుచున్నాము.